తెరిచి పెట్టిన ఫోను

“నా ఫోన్‌తో నీకేం పని? దొంగ మీ పుట్టింట్లో ఉండాడు. నా జేబులో లేడు.”

శ్రీనివాసప్ప ఫోనును చొక్కా జేబులోకి తోసి, దాని మీద అరచెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు. బస్సులో డబ్బు జేబును కాపాడుకునే మనిషిలా ఉన్నాడు.

నేత్రావతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెళ్ళయిన మూడేళ్ళలో మామగారు ఆమెను పేరు పెట్టి పిలవని పూట లేదు. ‘నేత్రా, కాఫీ ఉండాదా’, ‘నేత్రా, ఈ రంగు చూడు’ అని ఇల్లంతా మోగేది. నాలుగు రోజులుగా ఆ పేరు ఆయన నోటికి రాలేదు.

కబ్బన్‌పేటలోని ఆ ఇంటి కింది గదిలో మగ్గాలు ఆగి కూడా నాలుగు రోజులే. మగ్గాల మోతలో అరిచి మాట్లాడుకోవడం అలవాటైన మనుషులు, ఇప్పుడు చెంచా కింద పడితే ఉలిక్కిపడుతున్నారు. మంజునాథ్ ఆదివారం పేపరును మొహానికి అడ్డం పెట్టుకుని అరగంటగా ఒకే పేజీ చదువుతున్నాడు. పెళ్ళాం పక్క మాట్లాడితే తండ్రికి కోపం, తండ్రి పక్క మాట్లాడితే పెళ్ళానికి కన్నీళ్ళు. పేపరైతే ఎవరికీ కోపం రాదు.

“నాలుగు నిమిషాలు చాలు మామా,” అంది నేత్రావతి. “మీ ముందరే చూస్తా.”

“ఏం చూస్తావు? పేటలో ఆ అంగడి అద్దంలో నా చిలకల అంచు వేలాడతా ఉండాది. ఎనిమిది నెలలు కండ్లు పోగొట్టుకొని గీసిన అంచు. వరమహాలక్ష్మి పండక్కి బయటపెడదామని పెట్టెలో పెట్టుకొని ఉంటి. నీ తమ్ముడు ఆ అంగడిలోనే చీరలు మడత పెడతాడు. ఇంకా చూసేదేముంది?”

ఆ మాట ఆయన బుధవారం నాడే ఆ అంగడిలోకి పోయి, చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళందరి ముందూ అన్నాడు. చేతన్‌ని దొంగా అని పేరు పెట్టి పిలిచాడు. చేతన్ తల దించుకుని నిలబడ్డాడే గానీ ఒక్క మాట బదులు చెప్పలేదు. ఆ మౌనమే ఆయనకు పెద్ద సాక్ష్యమైంది.

వంటింట్లోంచి సొన్నమ్మ వచ్చింది. చేతులకున్న రాగిపిండిని చెంగుకు తుడుచుకుంటూ భర్త ముందు నిలబడి చెయ్యి చాపింది.

“ఇయ్యండి.”

“ఏంది ఇచ్చేది?”

“ఫోను. పిల్ల అడుగుతాంది గదా.”

“నీకు తెలీదు సొన్నా, నోరెత్తకుండా సుమ్నె ఉండు.”

“ముప్పై ఎనిమిదేండ్లు సుమ్నె ఉంటి. ఈ పొద్దు ఉండను.”

పేపరు వెనకనుంచి మంజునాథ్ కళ్ళు పైకి తేలాయి. ఇంట్లో అమ్మ ఇలా మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

అత్తగారు ఈ నాలుగు రోజులూ ఒక్క ఓదార్పు మాట చెప్పలేదు. కానీ గురువారం పొద్దున, ఇక తన డబ్బా తానే కట్టుకోవాలేమో అనుకుంటూ వంటింట్లోకి పోతే, డబ్బా అప్పటికే కట్టి ఉంది. పైగిన్నెలో తనకిష్టమని నువ్వులపొడి కూడా ఉంది. ఎలక్ట్రానిక్ సిటీలోని ఆఫీసులో మధ్యాహ్నం ఆ మూత తీసి ఏడ్చేసింది. పక్క సీటు పిల్ల కారం ఎక్కువైందా అని అడిగింది. అవునంది. శుక్రవారమూ నువ్వులపొడే. ఈ ఇంట్లో తనను నమ్మే మనిషి ఒకరున్నారని చెప్పడానికి సొన్నమ్మకు తెలిసిన భాష అది. కన్నతల్లి ఇంతకంటే ఏం చేస్తుందని నేత్రావతి అప్పుడే అనుకుంది.

శ్రీనివాసప్ప ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. మెత్తగా మాత్రం పెట్టలేదు.

“సరే, చూసుకో. దీంట్లో ఏమీ దొరకలేదంటే మాత్రం నీ తమ్ముడు మళ్ళా ఈ గడప తొక్కగూడదు. నువ్వు గూడా ఈ ఇంట్లో వాని పేరు ఎత్తగూడదు. ఒప్పుకుంటావా?”

“నాయనా, అదేం మాట!” అన్నాడు మంజునాథ్. ఇన్ని రోజుల్లో అతను నోరు తెరవడం అదే మొదలు.

నేత్రావతి భర్త వైపు చూసింది. ఆ ఒక్క మాటకే అతని మీదున్న కోపం సగం తగ్గింది.

“ఒప్పుకుంటా మామా,” అంది.

ఒప్పుకుందే గానీ ఆమెకున్నది అనుమానం మాత్రమే. యాప్‌లలో లోపాలు వెతికి పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. నిన్న భోజనాల దగ్గర మామగారి ఫోను కంచం పక్కనే ఉంది. తెర పైభాగంలో ఒక చిన్న గుర్తు వెలుగుతోంది. ఫోన్ల మధ్య ఫోటోలూ ఫైళ్ళూ పంపుకొనే ‘చిటికె’ అనే యాప్ గుర్తు అది. పనేమీ లేనప్పుడు కూడా అది వెలుగుతూనే ఉంది. అప్పటినుంచి ఆమెకు అన్నం సహించలేదు.

ఆ క్షణమే తన ఫోన్లోంచి చూసేసి ఉండొచ్చు. కానీ అడగకుండా చూస్తే, ఆ అంచు ఎత్తుకుపోయినవాడికీ తనకూ తేడా ఏముంటుంది? అందుకే పొద్దున లేచి స్నానం చేసి, ధైర్యం కూడగట్టుకుని అడిగింది.

“దాన్ని అట్లే ఉండనీండి మామా. మీరూ ముట్టొద్దు, నేనూ ముట్టను.”

నేత్రావతి తన ఫోను తీసింది. రెండు ఫోన్లూ ఇంటి వైఫైలోనే ఉన్నాయి. తనూ ‘చిటికె’ తెరిచి, మామగారి ఫోను నంబరు ఇదై ఉంటుందనుకున్న నాలుగు అంకెలు కొట్టింది. ఒక నిమిషం ఏమీ రాలేదు. శ్రీనివాసప్ప గోడ గడియారం వైపు చూశాడు. నేత్రావతి ఒక అంకె మార్చి మళ్ళీ కొట్టింది.

తెర మీద పేర్లు వరుసగా దిగాయి. ఆమె ఫోనును మామగారి ముందు పెట్టింది.

“ఇది నా ఫోను. దీంట్లో కనబడేది మీ ఫోన్‌లో ఉండేది. చదవండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. “మామిడిపిందెల సెరగు… గండభేరుండం… చిలకల అంచు, ఆఖరుది…” అక్కడ ఆయన గొంతు ఆగింది.

నేత్రావతి ఆ పేరు మీద వేలు పెట్టింది. చిన్న చిన్న గళ్ళ మధ్య ఎర్ర ముక్కుల చిలకలు ఒక్కొక్క వరుసగా నిండాయి. ఆ ఫైలు ఉంటే చాలు, పెన్‌డ్రైవులో వేసి ఏ మగ్గానికి పెట్టినా ఆ అంచు నేసేస్తుంది.

బల్ల మీద ఆయన ఫోను మాత్రం నోరు మూసుకుని పడి ఉంది. గంట మోగలేదు, ‘పంపమంటావా’ అని అడగలేదు.

“నేనేమీ పంపలేదే!” అన్నాడు శ్రీనివాసప్ప. కోపం ఎక్కడికి పోయిందో, చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

“మీరు పంపలేదు మామా. ఈ చిటికె యాప్ ఎప్పుడూ తెరిచే ఎందుకు పెట్టినారు?”

“మూస్తే ఎట్లమ్మా? దొడ్డబళ్ళాపురం నుంచి నేసేవాళ్ళు వస్తారు, రంగులద్దేవాళ్ళు వస్తారు. వాళ్ళకి టైపు చేసేది రాదు, నాకూ రాదు. ఫోటో తీసి నా ఫోన్‌లోకి తోసేసి పోతారు. నేను కింద మగ్గాల కాడ ఉండే పొద్దు వస్తే వాళ్ళు కాచుకోవాల్నా? అంగడి తలుపు పగలు మూస్తామా యాడైనా? అందుకే తెరిచే పెడితిని. యాడికి పోయినా తెరిచే ఉంటాది. వాళ్ళు ఇచ్చేదానికే గదా అది!”

“ఇచ్చేదానికని మీరు తెరిస్తిరి. తీసుకొని పొయ్యేదానికి గూడా అదే తోవ. ఈ యాప్ చేసినోళ్ళు అక్కడ కాపలా పెట్టలేదు. ఒకే వైఫైలో కూర్చున్నోళ్ళు ఎవరైనా ఇట్లే చూడొచ్చు, తీసుకోవచ్చు. మీకు తెలీను గూడా తెలీదు.”

“మన పెండ్లిండ్లలో చౌట్రీ గోడకే వైఫై పాస్‌వర్డు అంటిస్తారు గదా,” అన్నాడు మంజునాథ్ నెమ్మదిగా. “నేసేవాళ్ళ నేకారుల సంఘం హాల్లో గూడా.”

శ్రీనివాసప్ప తన ఫోను వైపు చూస్తూ ఉండిపోయాడు. పదిహేనేళ్ళ వయసులో గ్రాఫ్ కాగితం మీద తొలి గడి నింపిన మనిషి. గీసిన కాగితాలకు పెట్టె, పెట్టెకు తాళం, తాళంచెవి మొలతాడుకు. యాభై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆ కాగితాలన్నిటినీ ఫైళ్ళుగా చేయించి పెట్టుకున్న ఫోనును మాత్రం ఊరంతా తెరిచి తిప్పాడు.

ఇప్పుడు నేత్రావతి నాలుగు మాటలు అనొచ్చు. అనడానికి హక్కు ఉంది. కానీ వంగిపోయిన ఆ భుజాలు చూస్తే నోరు రాలేదు.

“తప్పు యాప్ చేసినోళ్ళది మామా,” అంది. “నాదీ ఉండాది. ఊరోళ్ళ ఫోన్లలో బొక్కలు వెతికి జీతం తీసుకుంటాను. మన ఇంట్లో ఫోను ఒక్క పొద్దూ చూడలేదు.”

సొన్నమ్మ కోడలి వీపు మీద చెయ్యి వేసింది. రాగిపిండి మరక పడింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

“ఎవడు తీసినాడో దీంట్లో తెలుస్తాదా?” అని అడిగాడు శ్రీనివాసప్ప.

“తీసుకున్నోళ్ళ పేర్లు ఉండవు. ఇచ్చినోళ్ళ పేర్లయితే ఉంటాయి. చూడనా?”

ఆయన తనే ఫోను ఎత్తి ఆమె చేతిలో పెట్టాడు.

వచ్చిన ఫైళ్ళు వందల్లో ఉన్నాయి. రంగు దారాల ఫోటోలు, గుడి ఫోటోలు, పువ్వుల కింద శుభోదయాలు. వాటి మధ్య, నెల కిందట మామగారి పెదనాన్న మనవరాలి పెళ్ళినాటి తేదీతో, ఫోటో కానిది ఒకటి ఉంది. చిన్న ఉత్తరం ఫైలు. ఇంతవరకు తెరవలేదు.

“ఇదేంది మామా?”

“అదా? ఏందో తెలీని ఫైలు. తెలీని ఫైళ్ళు తెరవగూడదని బ్యాంకోళ్ళు చెప్పలేదా? అందుకే ముట్టలేదు,” అన్నాడాయన, ఒక్క విషయంలోనైనా జాగ్రత్తగా ఉన్నానన్నట్టు.

నేత్రావతి దాన్ని పరీక్షించి తెరిచింది. కన్నడ అక్షరాలు, మాటలు మాత్రం తెలుగు. వాళ్ళ ఇళ్ళలో అందరూ రాసుకునే పద్ధతే. బయటికి చదివింది.

“‘పెద్దాయనకి నమస్కారం. పెండ్లి ఫోటోలు పంపుదామని ఈ యాప్ తెరిస్తే మీ ఫోన్ లోపలుండేదంతా నాకు కనబడతా ఉండాది. డిజైన్లు, బ్యాంకు పుస్తకం, ఇంటి పత్రాలు అన్నీ. నేను ఏమీ తీసుకోలేదు. చూసిన వెంటనే మూసేస్తిని. ఈ చౌట్రీ వైఫైలో ఉండేవాళ్ళు ఎవరైనా ఇట్లే చూడొచ్చు. దయచేసి ఈ యాప్ తీసేయండి. మీ కష్టం పరులపాలు కాగూడదు. పేరు రాయలేదని తప్పుగా అనుకోవద్దండి.’”

“అయ్యయ్యో!” అన్నాడు శ్రీనివాసప్ప. రెండు చేతులూ తల మీదికి పోయాయి. “నెల ముందే చెప్పినారే! చెప్పినా నేను వినకుంటినే! ఎవరప్పా ఈ మహానుభావుడు? చూస్తే గమ్మున ఎత్తుకుపోవచ్చు, లేకుంటే నలుగురిలో నవ్వొచ్చు. రెండూ చెయ్యకుండా చెప్పిపోయినాడు. ఆ మనిషి కనబడితే కాళ్ళు మొక్కుతా.”

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సొన్నమ్మ వైపు తిరిగాడు.

“సొన్నా, తొలి చీర ఆ ఇంటికే. వేరే మాట లేదు.”

తొలి చీరంటే ఆ ఇంట్లో చిన్న సంగతి కాదు. కొత్త అంచు మగ్గం మీదినుంచి దిగితే మొదటి చీర అమ్మరు. ఇంటికి మేలు చేసిన మనిషికి పసుపు కుంకుమతో ఇచ్చి వస్తారు. మగ్గాల గదికి నిప్పంటుకున్న ఏడు, బిందెలతో పరుగెత్తుకొచ్చిన పక్కింటి శైలజకి ఇచ్చారు. చిలకల అంచు తొలి చీర పదిరోజులుగా దేవుడి గూట్లో ఉంది, ఎవరికివ్వాలో తేలక.

నేత్రావతి మాత్రం తల ఎత్తలేదు. ఫైలు కింద, పంపిన ఫోను పేరు ఉంది. ‘బుడ్డప్ప’.

తన తొలి జీతంతో చేతన్‌కి ఫోను కొనిచ్చింది తనే. పొట్టివాడని ఏడిపించడానికి ఫోనుకు ఆ పేరు పెట్టిందీ తనే. వాడు ఎన్నిసార్లు మార్చమని బతిమాలినా మార్చలేదు. చివరికి వాడే అలవాటు పడ్డాడు.

ఇప్పుడీ పేరు చెప్తే? చూశానని వాడే రాశాడు. ‘చూసినాడు గదా, అయితే తీసిందీ వాడే’ అంటే ఏం చెప్పాలి? చెప్పకుంటే మామగారు నెత్తిన పెట్టుకుంటున్న ఆ మహానుభావుడు ఎప్పటికీ దొంగగానే మిగిలిపోతాడు.

“ఏమ్మా, తెలిసిన పేరా?” సొన్నమ్మ కోడలి మొహం చూసి మెల్లగా అడిగింది. “ఎవరైనా సరే, చెప్పు. నేనుండాను.”

ఆ రెండు మాటలే నేత్రావతికి చాలాయి.

“చేతన్, అత్తా. మా చేతన్.”

మంజునాథ్ చేతిలోని పేపరు మోకాళ్ళ మీదికి జారింది. “అంటే… చూసినట్టే గదా?” అన్నాడు, అనేశాక నాలుక కరుచుకుంటూ.

“దొంగోడు తలుపు తెరిచుండాదని చెప్పి పోతాడేమిరా?” అంది సొన్నమ్మ.

శ్రీనివాసప్ప లేచి మెట్లు దిగి మగ్గాల గదిలోకి పోయాడు. కింద పెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది. కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. నేత్రావతి సొన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

ఆయన పైకి వచ్చేసరికి చేతిలో రెండు గ్రాఫ్ కాగితాలున్నాయి. వాటిని బల్ల మీద పరిచాడు.

“పెండ్లి పొద్దు నాటికి నా ఫోన్‌లో ఉండేది ఇది. చూడు, చిలకలు ఒకదానికొకటి వీపు తిప్పుకొని ఉండాయి. పెండ్లయిన వారానికి మీ అత్త చూసి, ‘ఏందండీ, మొగుడూ పెండ్లాలు అలిగినట్టు ఉండాయి, ఎదురెదురు పెట్టండి’ అన్నె. అప్పుడు తిప్పితిని. ఇది తిప్పినాక గీసింది.”

ఆయన వేలు రెండో కాగితం మీద ఆగింది.

“అంగడి అద్దంలో ఉండేవి ఎదురెదురు చిలకలు. చేతన్ చూసిన దాంట్లో అవి లేనే లేవు. తిప్పినాక వాడు మన ఇంటికి రాలే. ఫోను తీసుకొని నేను పోయింది సంఘం మీటింగుకి ఒక్కదానికే. తీసింది అక్కడుండినోడు ఎవడో. వీడు గాదు.”

మళ్ళీ తనే అన్నాడు: “పేరెందుకు రాయలే వాడు?”

“రాస్తే మీరు తలవంపులుగా అనుకుంటారని, మామా. కోడలి తమ్ముడు మీ ఇంటి పత్రాలు చూసినాడని మీకు తెలియగూడదనుకొని ఉంటాడు.”

“నా పరువు కాపాడినాడు. నేను నూరుమంది ముందర వాణ్ణి దొంగా అంటిని. అప్పుడన్నా చెప్పొచ్చు గదా, ‘నేనే మీకు ముందే చెప్తిని’ అని! చెప్పలే. తల వంచుకొని నిలబడె.”

ముసలాయన దేవుడి గూటి దగ్గరికి పోయి తొలి చీర తీశాడు. సొన్నమ్మ అడక్కుండానే పసుపు కుంకుమ, తాంబూలం పళ్ళెంలో పెట్టి, చీరనూ అందులోనే సర్ది ఆయన చేతికిచ్చింది.

“నేత్రా,” అన్నాడాయన.

నాలుగు రోజుల తర్వాత విన్న ఆ పేరుకు నేత్రావతి కళ్ళు నిండిపోయాయి. ఇంతమంది మంచివాళ్ళ మధ్య తన బతుకు పడినందుకు ఆ క్షణంలో ఆమెకు ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు.

“వాడు ఇంట్లో ఉండాడేమో కనుక్కో. ఇప్పుడే పోదాము. వాళ్ళ రూము ముందరే, అందరికీ వినబడేట్టు చెప్తా, తప్పు నాదని. రేపు అంగడిలో గూడా చెప్తా.”

చేతన్ హెబ్బగోడిలో ఒక ఫ్యాక్టరీ కుర్రాడితో కలిసి గది తీసుకుని ఉంటున్నాడు. నేత్రావతి ఫోన్ చేసింది. అందరూ వినాలని స్పీకర్ పెట్టింది. చాలాసేపు మోగాక ఎత్తారు.

“బుడ్డప్పా!” అంది, నవ్వూ ఏడుపూ కలిపి.

“అక్కా, నేను వినయ్‌ని. చేతన్ రూమ్మేట్‌ని.”

“వాడు లేడా?”

“నిన్న ఈవెనింగే రూమ్ వెకేట్ చేసి వెళ్ళిపోయాడు కదక్కా. మీకు చెప్పలేదా? శుక్రవారమే జాబ్ మానేశాడు.”

“మరి వాడి ఫోను నీ దగ్గర…”

“కావాలనే ఇచ్చి వెళ్ళాడక్కా. మీరు కాల్ చేస్తే మీకే ఇమ్మన్నాడు. లాక్ కూడా తీసేశాడు. మీ మామగారు మొత్తం వెతుక్కోవచ్చట, ఎక్కడా ఏ డిజైనూ దొరకదట, అలా చెప్పమన్నాడు.”

శ్రీనివాసప్ప పళ్ళెంతోనే ఫోను దగ్గరికి వంగాడు.

“ఆ ఫోను ఎవరూ తెరవగూడదని చెప్పు నేత్రా,” అన్నాడాయన. “మూసి పెట్టమను. నేను చూడను. చూడనని చెప్పు.”

నేత్రావతి చెప్పింది. తర్వాత అడిగింది, “వాడు ఎక్కడికి పోయినాడు వినయ్?”

“అడిగానక్కా. బ్యాగ్ తీసుకుని, నవ్వి, మెట్లు దిగిపోయాడు.”

శ్రీనివాసప్ప పళ్ళెం కింద పెట్టలేదు. దాన్ని చీరతో సహా గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో చెప్పులు వెతుక్కుంటున్నాడు.